క్లెయిమ్ తేలేదాకా మనసు నిలబెట్టుకోవడం ఎలా?

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. గోడౌన్‌లో బరువు దించుతుంటే నడుం పట్టేసింది. ఆ రోజే సూపర్‌వైజర్‌కి చెప్పారు. ఎనిమిది నెలలైంది. పరిహారానికి క్లెయిమ్ వేస్తే మొదట్లో డబ్బులు వచ్చాయి. తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లు పంపిన డాక్టరు పది నిమిషాలు చూసి, ఇది వయసుతో వచ్చిన అరుగుదల, పనివల్ల వచ్చింది కాదు అని రాశాడు. క్లెయిమ్ ఆపేశారు, మీరు అప్పీల్ వేశారు. ఇప్పుడు రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోంది. ఆ రిపోర్టులో వాక్యాలే బుర్రలో తిరుగుతున్నాయి. బయటికి వెళ్తే ఎవరో వీడియో తీస్తున్నారేమోనని భయం. ఇంట్లో మీ ఆవిడ "ఇంక ఆ గొడవ వదిలెయ్యండి" అంటోంది. చివర్లో "నాకు పిచ్చి పడుతోందా?" అని అడిగారు.

లేదు. ఈ పరిస్థితిలో చాలామందికి అయ్యేదే మీకూ అవుతోంది. నేను డాక్టర్ని కాను, లాయర్ని కాను. పనిలో నా భుజానికి దెబ్బ తగిలితే దాని గురించి ఒక క్లెయిమ్ నడిచింది. ఆ తర్వాత కార్మిక సంఘంలో, ఇలాంటి ఫైళ్లు పట్టుకుని వచ్చేవాళ్లతో కూర్చునే పని చాలా ఏళ్లు చేశాను. వచ్చినవాళ్లు కాసేపు డబ్బు సంగతి మాట్లాడతారు. తర్వాత గొంతు మారిపోతుంది. "నేను అబద్ధం చెప్తున్నానని రాశారండీ" అంటారు. నడుం నొప్పి ఒకటైతే, నీకు నొప్పి లేదనిపించుకోవడం ఇంకొకటి. మీరు రాసినదాంట్లో కూడా నాకు ఆ రెండోదే ఎక్కువ కనిపించింది.

ఇది నా ఊహ కాదు. కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీ సైకాలజిస్టు మైకేల్ సలివన్, ఆయన బృందం 2008లో పన్నెండు వాక్యాల ప్రశ్నావళి ఒకటి తయారుచేశారు. దెబ్బ తగిలిన మనిషి తనకు ఎంత అన్యాయం జరిగిందని అనుకుంటున్నాడో అది కొలుస్తుంది. ఆ స్కోరు ఎక్కువ ఉన్నవాళ్లలో నొప్పి, డిప్రెషన్ ఎక్కువగా ఉన్నాయి, తిరిగి పనిలో చేరడమూ కష్టమైంది. దీనర్థం అన్యాయం జరగలేదని కాదు. జరిగిన అన్యాయం ఒంటి మీద కూడా పనిచేస్తుందని.

ఆస్ట్రేలియాలో ఆసుపత్రిలో చేరేంత దెబ్బలు తగిలినవాళ్లను ఆరేళ్ల తర్వాత కూడా కలిసి చేసిన అధ్యయనం ఒకటి 2014లో వచ్చింది. పరిహారానికి క్లెయిమ్ వేసినవాళ్లలో మూడో వంతు మందికి, అసలు ఏం చేయాలో అర్థం చేసుకోవడమే పెద్ద టెన్షన్ అయిందట. ఆలస్యం వల్ల అన్నవాళ్లు దాదాపు 30 శాతం, వైద్య పరీక్షల సంఖ్య వల్ల అన్నవాళ్లు 27 శాతం. వచ్చిన సొమ్ము గురించి అంత ఒత్తిడి పడ్డామన్నవాళ్లు 26 శాతమే. ఒత్తిడి ఎక్కువగా పడ్డవాళ్లే ఆరేళ్ల తర్వాత కూడా ఆందోళనతో, డిప్రెషన్‌తో ఎక్కువ బాధపడుతున్నారు. కాబట్టి ఫారాలు, గడువులు, ఫోన్లు మనసుని తినేస్తున్నాయని చెప్పుకోవడానికి మీరు సిగ్గుపడక్కర్లేదు.

ఇంకో మాట. మీ మీద వచ్చిన అనుమానం మీతో మొదలైంది కాదు. 1866లో ఇంగ్లండులో జాన్ ఎరిక్సన్ అనే సర్జన్, రైలు ప్రమాదాల తర్వాత పైకి గాయమేమీ కనిపించకుండా వెన్నునొప్పితో, నిద్రలేమితో బాధపడేవాళ్ల గురించి రాశాడు. అది నిజమైన జబ్బా, డబ్బు కోసం నాటకమా అని డాక్టర్లు కోర్టుల్లో ఏళ్ల తరబడి వాదించుకున్నారు. 1961లో హెన్రీ మిల్లర్ అనే న్యూరాలజిస్టు, కేసు తేలాక ఇలాంటివాళ్లు బాగైపోతారని రాశాడు. తర్వాత ఆస్ట్రేలియా సైకియాట్రిస్టు జార్జ్ మెండెల్సన్ కేసు ముగిసినవాళ్ల సంగతి ఆరా తీస్తే, చాలామంది బాగుపడనూ లేదు, పనిలోకి తిరిగి వెళ్లనూ లేదు. అంత పాత అనుమానాన్ని మోస్తున్న వ్యవస్థలోకి మీ ఫైలు వెళ్లింది. అక్కడ కూర్చున్న మనిషికి మీరెవరో తెలియదు. మిమ్మల్ని చూసి ఇలాంటివాడని తేల్చి రాసింది కాదది. అది తెలిసినంత మాత్రాన కోపం పోదు, కానీ అర్ధరాత్రి ఆ కోపం "నాలో ఏదో లోపముంది" అనే వైపుకు తిరగకుండా కొంత ఆపుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. క్లెయిమ్ మిమ్మల్ని రోజూ ఒకటే అడుగుతుంది: నీకు ఏమేం చేతకావో చూపించు. ఒళ్లు బాగుపడాలంటే దానికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లాలి, ఈ రోజు ఏం చేయగలిగానో చూసుకుంటూ రేపు ఇంకాస్త చేయాలి. ఈ రెండు పనులూ ఒకే బుర్ర, రోజంతా, కలగాపులగంగా చేస్తుంటే మనిషి నలిగిపోతాడు. ఎనిమిది నెలలుగా మీరు చేస్తున్నది అదే. క్లెయిమ్‌ని ఒక ఉద్యోగం అనుకోండి. దానికి టైముంది, చోటుంది, అది అయ్యాక మూసెయ్యాలి.

నేను అందరికీ రెండు నోటుబుక్కులు పెట్టమంటాను. మొదటిది క్లెయిమ్‌ది. రోజుకి ఒక్కసారి, నాలుగు లైన్లు: ఏ పని చేయబోయాను, ఎంతసేపు చేయగలిగాను, తర్వాత ఏమైంది, ఏ మందు వేసుకున్నాను. గంటగంటకీ నొప్పికి మార్కులు వేసుకోకండి. అలా వేసేవాళ్లని చూశాను, రోజంతా నొప్పినే కాపలా కాస్తుంటారు, అది ఇంకా పెరుగుతుంది. ఈ బుక్కుని అవతలి లాయరు కూడా చదవవచ్చు అనుకునే రాయండి, తిట్లు వద్దు. రెండోది మీ సొంతం. నిన్నటికంటే కొంచెం ఎక్కువ నడిచానా, పిల్లాడికి లెక్కలు చెప్పానా, అరగంట సేపు ఈ గొడవ గుర్తుకు రాలేదా, అవి రాసుకోండి. రెండోదాంట్లో మంచి రాస్తే మొదటిది అబద్ధమైపోతుందని కొందరు భయపడతారు. "పావుగంట నడిచాను, తర్వాత గంట పడుకున్నాను" అనేది రెండు బుక్కుల్లోనూ నిజమే.

ఆ రిపోర్టు సంగతి. దిండు కింద పెట్టుకున్నంత దగ్గరగా ఉంచుకున్నారు దాన్ని. ఇంకొక్కసారి చదవండి, కానీ పగటిపూట, నమ్మకమున్న మనిషి పక్కన కూర్చోగా, చేతిలో పెన్సిలుతో. తప్పుగా రాసిన విషయాల పక్కన ఒక గుర్తు: తేదీ, ఏ వైపు నొప్పి, మీరు చెప్పని మాట. డాక్టరు అభిప్రాయం పక్కన ఇంకో గుర్తు. మిగతాది వదిలేయండి. ఆ కాగితం లాయరుకి ఇచ్చేయండి. కాపీ ఫైల్లో ఉంటుంది, ఫైలు బీరువాలో ఉంటుంది. ఫోన్లో ఫోటో ఉంటే తీసేయండి, అది ఉన్నంతకాలం మూడింటికి తెరుస్తారు.

"అరుగుదల" అనే మాట మిమ్మల్ని బాగా గుచ్చింది కదా, దాని గురించి కొంచెం చెప్పాలి. నొప్పి అసలు లేనివాళ్ల వెన్ను స్కానింగుల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది, మూడు వేల మందికి పైగా స్కానులు. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, నలభై ఏళ్లవాళ్లలో 68 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కుల్లో అరుగుదల కనిపించింది. ఇందులో మీకు రెండు సంగతులున్నాయి. ఒకటి, స్కానులో ఆ మాట కనపడినంత మాత్రాన మీ నడుం పాడైపోయిందని కాదు, ఆ భయం కొంత తగ్గించుకోవచ్చు. రెండు, అరుగుదల ఉన్నా నొప్పి లేకుండా పనిచేసుకుంటున్న మనిషికి ఆ రోజు బరువు దించాక నొప్పి మొదలైంది. అంతకుముందే ఉన్న సమస్య పనివల్ల ముదిరితే దాన్ని కూడా లెక్కలోకి తీసుకునే చట్టాలు చాలాచోట్ల ఉన్నాయి. మీ దగ్గర ఎలా ఉందో లాయరుని అడగండి. ముందే ఉన్న అరుగుదల ఆ రోజు బరువు దించడం వల్ల ముదిరిందా అనే ఈ ఒక్క ప్రశ్న మీదే, మీకు వైద్యం చేస్తున్న డాక్టర్ని లెటర్ రాసివ్వమనండి. "ఇతనికి చాలా నొప్పిగా ఉంది" అని రాసే పొడుగాటి లెటర్ కంటే అది ఎక్కువ పనికొస్తుంది.

వీడియో భయం పూర్తిగా కట్టుకథ కాదు, కొన్ని కేసుల్లో నిజంగానే తీస్తారు. వాళ్లు వెతికేది మీరు చెప్పినదానికీ, మీరు చేసేదానికీ మధ్య తేడా. అందుకని "నేను అసలు వంగలేను, ఏమీ ఎత్తలేను" అని ఎక్కడా చెప్పకండి, రాయకండి. "చిన్న సంచి ఎత్తగలను, రెండోసారి ఎత్తితే రాత్రంతా నొప్పి" అనేది నిజమైతే అదే చెప్పండి. అప్పుడు మీరు చిన్న సంచి మోస్తున్న వీడియోతో ఎవరూ ఏమీ చేయలేరు. ఇంట్లో ఎలా ఉంటారో వీధిలోనూ అలాగే ఉండండి, ఎక్కువ కుంటడమూ వద్దు, నొప్పి దాచడమూ వద్దు. కేసు తేలేదాకా ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ స్టేటస్‌లో ఏమీ పెట్టకపోతే మంచిది. ఇంట్లోంచి కదలకపోవడం మాత్రం జాగ్రత్త అనుకోకండి. కండరాలు మెత్తబడతాయి, నొప్పి పెరుగుతుంది, మాట్లాడే మనుషులు తగ్గిపోతారు. మీరు తప్పేం చేయలేదు. నడవమని మీకు వైద్యం చేసే డాక్టరే చెప్పాడని రాశారు కదా, నడవండి.

నిద్ర గురించి. మూడింటికి లేచిన మనసు గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది, అప్పీల్ విచారణలో, అదే హియరింగులో, ఏం చెప్పాలో వందసార్లు చెప్పుకుంటుంది. ఆపాలని గట్టిగా ప్రయత్నిస్తే ఆగదు. పనిచేసే పద్ధతి ఒకటుంది, 1983లో అమెరికా సైకాలజిస్టు థామస్ బోర్కోవెక్ బృందం పరీక్షించి చూసినది. రోజూ ఒకే టైముకి, ఒకే చోట, అరగంట సేపు చింతకే కేటాయిస్తారు. మిగతా వేళల్లో ఏ ఆలోచన వచ్చినా ఒక ముక్క రాసి "సాయంత్రం చూద్దాం" అని పక్కన పెడతారు. వినడానికి నవ్వొస్తుంది. మొదటి వారం సరిగ్గా కుదరదు కూడా. తర్వాత బుర్రకి అలవాటవుతుంది. ఆ అరగంట పడుకునే ముందు కాకూడదు, మంచం మీద అసలే కాకూడదు. మూడింటికి మెలకువ వచ్చి కాసేపట్లో నిద్ర పట్టకపోతే లేచి వేరే గదిలోకి వెళ్లండి, మసక వెలుతురులో విసుగు పుట్టించేది ఏదైనా చేయండి, నిద్ర ముంచుకొచ్చినప్పుడే తిరిగి రండి. గడియారం చూడకండి. రాత్రి సరిగా పట్టకపోయినా పొద్దున లేచే టైము మార్చకండి.

ఉత్తరాలు, ఈమెయిళ్లు కూడా అంతే. రోజుకి ఒక్కసారి, పగలు. శుక్రవారం సాయంత్రం క్లెయిమ్ ఆఫీసు నుంచి వచ్చింది తెరిచారంటే, జవాబిచ్చే మనిషి లేకుండా రెండు రోజులు ఉడికిపోతారు. గడువు తేదీలన్నీ మాత్రం ఒక కాగితం మీద పెద్దగా రాసి గోడకి అంటించండి, మీతోపాటు ఇంకో మనిషికీ తెలియాలి. ఫోన్లో ఏం మాట్లాడినా తర్వాత "మీరు ఇలా చెప్పారు" అని ఒక చిన్న మెయిల్ పెట్టండి. కోపంతో రాసిన మెయిల్ రాయండి, కానీ తెల్లారేదాకా పంపకండి. మళ్లీ ఇంకో డాక్టరు దగ్గరికి పంపితే, అనుమతిస్తే ఒకరిని తోడు తీసుకెళ్లండి, అడిగినదానికి సూటిగా చెప్పండి. ఆ మర్నాడు ఏ పనీ పెట్టుకోకండి. ఆ పరీక్షల తర్వాత నొప్పీ మనసూ రెండూ దిగజారడం నేను దాదాపు ప్రతి ఒక్కరిలో చూశాను.

మీ ఆవిడ "వదిలెయ్యండి" అన్నదానికి మీరు నొచ్చుకున్నారు. ఆవిడ కేసు వదిలేయమని అన్నదో, భోజనం దగ్గర కూడా అదే మాట వినలేనని అన్నదో ఒకసారి అడిగి చూడండి. ఎక్కువసార్లు రెండోదే. ఆవిడకి కూడా నెలాఖరు లెక్కలు తెలుసు, భయం ఆవిడకీ ఉంది, పైకి చెప్తే మీరు కుంగిపోతారని ఊరుకుంటోంది. వారానికి ఒకరోజు, ఒక గంట, ఇద్దరూ కూర్చుని ఎంత ఉంది, ఏ అప్పు ఆపొచ్చు, ఎవరిని అడగొచ్చు, కేసు ఎక్కడిదాకా వచ్చింది, అన్నీ కాగితం మీద పెట్టుకోండి. మిగతా రోజుల్లో ఆ ఊసు ఎత్తకూడదని ఇద్దరూ ఒప్పుకోండి. ఎత్తితే తగాదా పడక్కర్లేదు, "ఆదివారం" అంటే చాలు. పిల్లల మీద అరిచేశానని రాశారు. ఆ కోపం ఎవరి మీదదో వాళ్లకి తెలియదు. నాన్నకి నొప్పిగా ఉంది, తప్పు మీది కాదు అని చెప్తే పిల్లలు అర్థం చేసుకుంటారు.

పనిలో తోటివాళ్లు ఫోన్ చేయడం లేదని కూడా రాశారు. అంటే అందరూ మిమ్మల్ని నమ్మడం లేదని కాదు. కొందరికి మాట్లాడితే తమని సాక్ష్యానికి పిలుస్తారని భయం. కొందరికి ఏం మాట్లాడాలో తెలియదు. ఒకరిద్దరికి మీరే చేయండి, కేసు గురించి కాకుండా వేరే విషయాల మీద.

ఉద్యోగం పోతే జీతం ఒక్కటే పోదు. 1930ల్లో ఆస్ట్రియాలో మారియెంతాల్ అనే ఊళ్లో ఫ్యాక్టరీ మూతపడ్డాక జనం ఎలా మారిపోయారో మారీ యహోదా అనే సైకాలజిస్టు, ఆమె సహచరులు దగ్గరుండి చూశారు. బోలెడంత తీరిక దొరికినా మనుషులు చురుగ్గా అవలేదు, ఇంకా నీరసపడిపోయారు. రోజుకి ఒక ఆకారం, ఇంటి బయట మనుషులు, ఒక గుర్తింపు, మన వల్ల ఒకరికి పని జరుగుతుందన్న భావన, ఇవన్నీ ఉద్యోగంతో పాటు వస్తాయని ఆమె తర్వాత రాసింది. మీకు ఇప్పుడు అవి ఒక్కసారిగా లేకుండా పోయాయి. చిన్నగానైనా తిరిగి తెచ్చుకోవాలి: రోజూ ఒకే టైముకి బయటికి వెళ్లే చోటు ఒకటి, వారానికి ఒకసారైనా ఇంకొకరికి ఉపయోగపడే పని ఒకటి. జీతం లేని పనైనా సరే, మొదలుపెట్టే ముందు డాక్టరుతో "ఇంతవరకు చేయవచ్చు" అని రాయించుకుని లాయరుకి చెప్పండి. తర్వాత అది అవతలివాళ్ల చేతిలో సాక్ష్యం కాకుండా ఉంటుంది.

ఇది మాత్రం వాయిదా వేయొద్దు. నిద్ర, ఆకలి, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నన్ను నేను పనికిరానివాణ్ణి అనుకోవడం, ఇవి రెండు వారాలకి మించి రోజూ ఉంటుంటే డాక్టర్‌కి చెప్పాలి. చాలామంది చెప్పరు. డిప్రెషన్ అని రాస్తే "అంతా మనసులోనే ఉంది" అని క్లెయిమ్ కొట్టేస్తారని భయం. నిజంగానే అలా వాడుకోవాలని చూసేవాళ్లు ఉంటారు. అయినా చెప్పండి. నొప్పి డిప్రెషన్‌ని పెంచుతుంది, డిప్రెషన్ నొప్పిని పెంచుతుంది. ఒకదాన్ని వదిలేసి రెండోదానికి వైద్యం చేస్తే అది నిలవదు. పైగా దెబ్బ తగిలాక మొదలైన మానసిక బాధని కూడా పరిహారంలో పరిగణించే చోట్లు ఉన్నాయి, రికార్డు లేకపోతే అదీ పోతుంది. కౌన్సెలర్‌తో చెప్పినవి ఎవరెవరి చేతికి వెళ్తాయో మొదటి రోజే అడగండి, తెలిసే మాట్లాడతారు. రాత్రి నొప్పి మాత్రల మీద మద్యం తాగడం మీ ప్రశ్నలో లేదు. ఎనిమిది నెలల ఫైళ్లలో తరచుగా కనిపిస్తుంది కాబట్టి చెప్తున్నా. కొన్ని మాత్రలతో అది ప్రాణం మీదికి తెస్తుంది. "నేను లేకపోతే వీళ్లకే నయం" అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి, ఆ రోజే డాక్టరు దగ్గరికో ఆసుపత్రికో వెళ్లండి. హియరింగు ఎప్పుడున్నా సరే.

ఇక తీర్పు సంగతి. గెలిస్తే డబ్బు వస్తుంది, క్షమాపణ రాదు. "మేం తప్పు చేశాం, మీరు నిజమే చెప్పారు" అని ఎవరూ లెటర్ రాయరు. ఆ ఒక్క మాట కోసం రాజీని కాదనుకుని ఏళ్లు లాగినవాళ్లను చూశాను. లాగడం తప్పని నేననను, కొందరికి అది సరైనదే. కానీ ఎంత వస్తే ఒప్పుకోవాలి, ఏ మెట్టు దాకా అప్పీల్‌కి వెళ్లాలి అన్నది ఇప్పుడే, మనసు కుదురుగా ఉన్న రోజు చూసి, మీరూ మీ ఆవిడా లాయరూ కూర్చుని రాసిపెట్టుకోండి. రాజీ కాగితం ముందుకొచ్చిన రోజు మీకు ఆలోచించే ఓపిక ఉండదు. దాని మీద అదే రోజు సంతకం చేయాలని ఎవరైనా తొందరపెడితే, ఒక రాత్రి టైము అడగండి. కేసు తేలాక కొన్ని వారాలు మరీ ఖాళీగా, దిగులుగా అనిపిస్తుంది, గెలిచినా సరే. ఆ రోజుల్లోకి ఫిజియోథెరపీ, కౌన్సెలింగ్ అపాయింట్‌మెంట్లు ముందే పెట్టించుకోండి. కేసు అయిపోయిందని వాటిని మానేయకండి.

ఈ వారం రెండు పనులు చాలు: నిద్ర సంగతి డాక్టరుతో చెప్పడం, ఆ అరుగుదల ప్రశ్న మీద లెటర్ అడగడం. డాక్టరు లెటర్ ఇవ్వడానికి తటపటాయిస్తే, ప్రశ్నని లాయరు చేతే రాతపూర్వకంగా పంపించండి. అలా వస్తే చాలామంది డాక్టర్లు జవాబు రాస్తారు.